గొంతు పళ్లు

మంచినీటి చేపల్లో బొచ్చె, రాగండి, పరక లాంటి వాటికి నోట్లో పళ్లుండవు. గొంతులో ఉంటాయి. తిన్నది అక్కడ నమిలి లోపలికి పంపుతాయి. ఆ వంశంలో ఏ చేప ఏ జాతిదో పొలుసులు చూసి, రెక్కలు చూసి ఎంతసేపైనా వాదించుకోవచ్చు. గొంతు పళ్లు చూశాక వాదన ఉండదు. మనకు వేలిముద్ర ఎలాగో వాటికి ఆ పళ్లు అలాగ.

ఈ సంగతి నాకు తెలిసి ఉండటం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. గుత్తి బజారులో మాది కిరాణా అంగడి. మా నాయన వీరభద్రయ్య అంగట్లో కోడిగుడ్డు కూడా పెట్టడు. కూతురు ఏం చదువుతోందని ఎవరన్నా అడిగితే "రాళ్ల మీద ఏదో చేస్తాంది" అని తప్పించుకుంటాడు. అది అబద్ధమేమీ కాదు, నా చేపలు రాళ్లయిపోయి లక్షల ఏళ్లయింది. అమ్మకు మాత్రం అసలు సంగతి తెలుసు. రాతిచేపను పోల్చి చూడాలంటే ఇప్పటి చేపల ఎముకలు కావాలి, ఎముకలు కావాలంటే తలలు ఉడకబెట్టి కండ ఒలవాలి. అనంతపురంలో నా అద్దెగది మిద్దె మీద నేను ఆ పనిలో ఉండగా అమ్మ చెప్పకుండా వచ్చింది. మెట్ల మీదే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "తినేదానికా ఐశ్వర్యా?" అంది. "కాదు, చూసేదానికి" అన్నాను. "తినేదానికైనా బాగుండు, ఆకలి అనుకుందును" అని అట్లే వెనక్కి తిరిగి బస్సెక్కింది. ఇంటా వంటా లేని చదువు నాది.

కుందుర్పి దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోతే జక్కిలోనిపల్లి వస్తుంది. ఊరి బయట సుద్దగుంత ఉంది. ఇప్పుడు అది వేరుశనగ వేసినా పెట్టుబడి తిరిగి రాని నేల కానీ, ఒకానొక కాలంలో పెద్ద మడుగు. దాని అడుగున పేరుకున్న తెల్లబురదే ఈ సుద్ద. ఆ ఊరి ఆడవాళ్లు తరతరాలుగా ఆ సుద్ద తవ్వుకొచ్చి, నానబెట్టి, గోడలకు పూస్తున్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక గోడకు భూతద్దం పెట్టి చూశాను. నిండా చేప పొలుసులే. చెరువులో నీళ్లు చూసి ఏళ్లయిన ఊరు, ఇళ్లకు చేపలు పూసుకుని కూర్చుంది.

రెండేళ్లు ఆ గుంత చుట్టూ తిరిగాను. పొలుసులు, ముళ్లు, తోక తునకలు తప్ప ఏమీ దొరకలేదు. ఈ ఎండాకాలం మొదట్లో ఒక పలక విడదీస్తే జానెడు చేప, పూర్తిగా, తలతో సహా బయటపడింది. బయటపడుతూనే పలక రెండయింది. ఒళ్లు ఒక ముక్కలో, తల ఒక ముక్కలో. తల ముక్కలో, చెంప ఎముక వెనకాల, నల్లగా ఆవగింజలంత పళ్లు వరసగా ఉన్నాయి. భూతద్దంలో చూస్తే ఒక్కో పంటి కొన కొక్కెంలా వంగి, ఆ కొక్కెం మీద సన్నటి గాడి. నేను ఉడకబెట్టిన ఏ తలలోనూ ఆ గాడి లేదు, చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆ మధ్యాహ్నం గుంతలో ఒక్కదాన్నే కూర్చుని పిచ్చిదానిలా నవ్వుకున్నాను. లోకంలో ఎవరూ పేరు పెట్టని చేప నా ఒళ్లో ఉంది.

ఒళ్లు ఉన్న ముక్క ఎండి గట్టిగా ఉంది, తెచ్చుకున్నాను. తల ఉన్న ముక్క మాత్రం లోపలి తేమతో మెత్తగా ఉంది. తడిసుద్ద ఒక్కసారిగా ఎండితే బీటలిచ్చి పొడైపోతుంది. నీడలో, తడిగుడ్డ కింద, నిదానంగా ఆరాలి. ఆరాక జిగురు పట్టించి అప్పుడు కదిలించాలి. కుందుర్పి బస్సు గతుకులకు మనుషుల ఎముకలే నిలవవు, దీన్ని ఎలా తెస్తాను? అందుకని ఓబమ్మ ఇంట్లో పెట్టాను.

ఓబమ్మది గుంతకు దగ్గరి ఇల్లు. కొడుకు ఓబిలేష్, కడుపుతో ఉన్న కోడలు సుజాత, ఆమె. పోయిన ప్రతిసారీ నాకు సంగటి పెట్టే మనిషి. గింజల గదిలో చేట మీద ముక్కను పెట్టి, తడిగుడ్డ కప్పి, "రోజూ ఈ గుడ్డ తడపాల పెద్దమ్మా, ఇంకేం చేయొద్దు" అన్నాను. "తాగేదానికి లేకున్నా దానికి పోస్తా, నువ్వు పో పాపా" అంది. నాలుగు రోజుల్లో వస్తానన్నాను. పరీక్షల డ్యూటీ పడి రెండు వారాలయింది. గెస్టు లెక్చరర్‌కు సెలవు అడిగే నోరుండదు.

అంతలో శనివారం ఓబిలేష్ ఫోన్ చేశాడు. అతను గుంత పక్కన సోలారు ప్లేట్లు వేస్తున్న కంపెనీలో కాపలా ఉంటాడు.

"మేడమ్, సోమవారం పొద్దున జేసీబీలు దిగుతాండాయి. గుంత పూడ్చేస్తారంట."

పరుగున పోయి ఆ పనికి అనుమతులు చూసే ప్రభుత్వ ఆఫీసరును కలిశాను. మంచివాడే, మంచినీళ్లు ఇప్పించాడు. "కొత్త జాతి అని మీ గైడు సంతకంతో ఒక్క కాగితం తీసుకురామ్మా, ఆ క్షణమే పని ఆపిస్తా. ఊరికే చేప, చేప అంటే ఎట్ల? చేపలు తెమ్మని మా ఇంట్లో కూడా ప్రతి ఆదివారం అంటారు" అన్నాడు. నా పరిశోధనకు గైడు అయిన ప్రొఫెసరుకు ఫోన్ చేశాను. నేను ఇంతకుముందు ఫోన్లో తీసిన ఫొటో ఆయన చూశాడు. "అవి చుక్కలమ్మా. నాకు పళ్లు చూపించు. వరస కనబడితే రాత్రయినా పగలయినా సంతకం పెట్టి పంపిస్తాను" అన్నాడు. ఫోనుకు తగిలించుకునే చిన్న సూక్ష్మదర్శిని కాలేజీలో బతిమాలి తీసుకున్నాను. జిగురు సీసా, కుంచె సంచిలో వేసుకుని ఆదివారం తెల్లారే బస్సెక్కాను. పళ్లు ఉంటే సంతకం, సంతకం ఉంటే గుంత. లేకపోతే ఆ మడుగూ, అందులో ఇంకా బయటపడని చేపలన్నీ అద్దాల కింద మట్టిలో కలిసిపోతాయి. దారిపొడుగునా ఇదే లెక్క.

ఓబమ్మ నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది. "నీ చేపకు జొరం మనిషికి పెట్టినట్ల తడిగుడ్డ ఏస్తాండా రోజూ. రా, చూద్దువు."

గింజల గదిలో చేట అక్కడే ఉంది. గుడ్డ తడిగానే ఉంది. గుడ్డ తీశాను. కింద కాసింత తెల్లపొడి, చిటికెడు నలుసులు.

"యాడ పెట్టినావు పెద్దమ్మా?"

"యాడ పెట్టేది? ఆడే ఉండాది గదా."

"లేదు."

ఓబమ్మ వంగి చూసింది. గుడ్డ ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. "మారెమ్మ మీద ఆన పాపా, నేను గుడ్డ మీంచే నీల్లు చిలకరిస్తాంటి. ఎత్తి చూడల్యా. ఎలకలు కొట్టేసినాయేమో." ఎలకలు సుద్ద తినవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు సుజాత గడప దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడో నెల. సన్నటి చేతులు, పాలిపోయిన మొహం, పెద్ద పొట్ట. ఆ మొహంలో పెదాల మూలల్లో మాత్రం వేరే తెలుపు ఉంది. ఆ తెలుపు రంగు నాకు బాగా తెలుసు. రెండేళ్లుగా నా గోళ్లలో ఉన్నదే.

కడుపుతో ఉన్నవాళ్లు కొందరు మన్ను తింటారు, బలపాలు తింటారు, సుద్ద తింటారు. మా అంగడికి కూడా సిగ్గుపడుతూ వచ్చి పలక లేకుండా బలపాలు కొనుక్కుపోయే ఆడవాళ్లుంటారు. నాయన ఏమీ అడగకుండా పొట్లం కట్టి ఇస్తాడు. ఇంత తెలిసినదాన్ని, ఏడో నెల మనిషి ఉన్న ఇంట్లో, తడిగుడ్డ కింద, ఊరిలోకెల్లా మెత్తటి సుద్ద పెట్టి పోయాను.

ఓబమ్మ కూడా చూసింది. "ఏమే, తినొద్దని చెప్పి ఆన పెట్టించుకున్నా గదనే! మళ్ల తింటాండావా?"

"తినల్యా అత్తా" అంది సుజాత. కుడిచెయ్యి రొంటి దగ్గరికి పోయింది. కొంగు చివర చిన్న ముడి.

ఆ ముడి ఎంత ఉందో చూశాను. రేగుపండంత. పళ్లున్న ఎముక అంతకంటే చిన్నది. గట్టిగా తగిలే చోటు ఎవరైనా చివరికే వదిలేస్తారు, మెత్తటిది ముందు తింటారు. అంటే ఆ ముడిలో ఉన్నది అదే అయ్యుండాలి. ఆ ఆశ నా తలకెక్కింది. మెల్లగా అడిగి ఉండొచ్చు. నవ్వుతూ చెయ్యి చాచి ఉండొచ్చు. నా నోరు అలాంటిది కాదు.

"తియ్! ఆ ముడి ఇప్పు! ఇప్పు అంటాండా!" అని అరిచాను.

ఓబమ్మ కూడా చెయ్యెత్తి ముందుకు వచ్చింది. సుజాత బెదిరిపోయింది. నేను రెండడుగులు వేసేలోపు ముడి విప్పి, చేతిలో ఉన్నది నోట్లో వేసుకుంది. దొంగతనం చేసిన చిన్నపిల్ల ఎట్లా దాస్తుందో అట్లా. కటుక్కుమని ఒక చప్పుడు. సుద్ద నలిగితే అట్లా వినబడదు. తర్వాత మింగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను అక్కడే గింజల బస్తా మీద కూర్చుండిపోయాను.

గైడుకు ఫోన్ చేసి ముక్క పాడయిందన్నాను. ఎలా అని అడిగాడు. చెప్పలేదు. "తల లేదంటే పేరు లేదమ్మా. జాతి తెలియని చేప అని రాద్దాం, అంతే" అన్నాడు. అంతే అనడం ఎంత సులభం!

చేట మీది పొడి అంతా సూక్ష్మదర్శిని కింద పెట్టి వెతికాను. పొలుసు తునకలు, ఇసుక. సమ్మెట తీసుకుని గుంతలోకి దిగాను. చేపలున్న పొర వేలెడంత మందం. పలక మీద పలక చీల్చుకుంటూ పోయాను. ఎండ నెత్తిన పడుతోంది, చేతులు బొబ్బలెక్కి పగిలాయి. రెండేళ్లలో దొరకనిది ఒక్క పూటలో దొరుకుతుందా? దొరకదని తెలిసీ కొడుతున్నాను. ఒక తోక వచ్చింది. దాన్ని చూసి కోపం ఆపుకోలేక విసిరికొట్టాను. తర్వాత వెళ్లి ఏరుకున్నాను. ఏడ్చాను కూడా, చూసేవాళ్లెవరూ లేరు కదా అని.

పొద్దు వాలుతుండగా గుంత అంచున సుజాత కనబడింది. చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ ఊరికి ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది, ఆ చెంబు ఎవరి వంతులోదో నాకు తెలుసు. తాగాను. ఆమె దూరంగా, పొట్ట పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.

"అక్కా, ఒక మాట అడుగుతా. చచ్చిన చేప గదా అది. లోపలికి పోయినాది. బిడ్డకు ఏమన్నా అయితాదా?"

పొద్దున్నుంచీ ఆ మనిషి దానికి భయపడుతూ ఉందన్నమాట. నేను నా చేప కోసం ఏడుస్తున్నాను.

"ఏమీ కాదు. అది రాయి. ఏంటికి తిన్నావు సుజాతా?"

"ఆస్పత్రిలో నెత్తురు లేదన్నారు. మాత్రలిచ్చినారు, ఏసుకుంటే కక్కుకుంటాండా. నోరంతా మన్నుకే పీకుతాది." పక్కనున్న సుద్దపెళ్ల ఎత్తి, మళ్లీ కింద పెట్టింది. "మొదట వాసన చూసినా, అంతే. అత్త నీల్లు చిలకరిస్తే ఆ గదంతా వాన పడినట్ల వాసనక్కా. ఈడ వాన పడి ఎన్నాళ్లాయ? రోజూ పోయి గుడ్డ కింద ముక్కు పెట్టి పీలుస్తాంటి. తరవాత అంచు నాకినా. తరవాత ఆపుకోలేకపోయినా."

"గట్టిగా తగల్యా?"

"తగిలినాది. అందుకే ఆ ముక్క ఎత్తిపెట్టుకున్నా. చప్పరించేదానికి."

అంటే నేను అనుకున్నది నిజమే. పళ్లు ఆమె దాచింది. తినకుండా దాచింది. నేను అరవకపోతే ఇప్పటికి నా చేతిలో ఉండేవి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాను, అయినా అది పోలేదు. పంటి మీది పెంకు కడుపులో అంత సులభంగా అరగదు. రేపు పొద్దునకు బయటికి వస్తుంది. జేసీబీలు కూడా రేపు పొద్దుననే.

ఎలా అడగడం? మా అమ్మ నేర్పిన మర్యాద మాటలేవీ దానికి సరిపోవు. నేల చూపులు చూస్తూ, సగం సగం మాటలతో అడిగేశాను. సుజాతకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

"సరే అక్కా" అంది. "నేనే చూస్తాలే, నువ్వు ముట్టొద్దు. శెట్టోళ్ల బిడ్డవి. ఎవరికీ చెప్పొద్దు మల్ల. అత్తకు తెలిసినా, ఊర్లో తెలిసినా నేను తలెత్తుకోలేను. బిడ్డ పుట్టినాక కూడా ఇదే చెప్పుకుంటారు."

"ఎవరికీ చెప్పను" అన్నాను.

ఆ రాత్రి ఓబమ్మ ఇంట్లోనే పడుకున్నాను. ఆమె సంగటి పెట్టింది కానీ నా మొహం చూడలేదు. తెల్లవారుతూనే గుంత వైపు ఇంజిన్ల చప్పుడు మొదలయింది. సుజాత బిందె చంకన పెట్టుకుని కంపచెట్ల వెనక్కి పోయింది. నేను వాకిట్లో నిలబడి అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను.

చాలాసేపటికి వచ్చింది. ఎడమచేతిలో కానుగాకు మడిచి పట్టుకుంది. కుడిచెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకుని నడుస్తోంది. బిందె ఖాళీ. ఆ ఇంటికి రేపటిదాకా ఉన్న నీళ్లన్నీ కడగడానికి పోసేసిందని తెలిసింది.

"ఒక్కటే అక్కా. ఇంకేమీ అగపడల్యా. రెండు మార్లు చూసినా."

ఆకు మీద నల్లటి నలుసు. సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఊపిరి బిగబట్టి చూశాను. పంటి కొన. మొదలు విరిగిపోయింది, కొక్కెం మిగిలింది. కొక్కెం మీద గాడి. చక్కగా, స్పష్టంగా, నేను గుంతలో చూసిందే. ఈ చేప కొత్తది. ఇక దానిలో అనుమానం లేదు. ఈ భూమ్మీద ఆ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఫొటో గైడుకు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. ఆయన గొంతులో ఆత్రం తెలుస్తోంది.

"గాడి ఉందమ్మా! నిజంగానే ఉంది. తల ముక్కలోదేనా? ఆ ముక్క పాడయిందన్నావు కదా, ఇది ఎక్కడ దొరికింది? ఒళ్లున్న ముక్కతో దీనికి సంబంధం చూపించగలిగితే ఒక్క పంటితో అయినా సాహసం చేస్తాను. ఎక్కడ దొరికిందో సరిగ్గా చెప్పు, అది కాగితంలో రాయాలి."

కొత్త జాతి కాగితంలో దొరికిన చోటు రాస్తారు. ఎవరి చేతికి, ఎలా వచ్చిందో రాస్తారు. ఆ కాగితం ఆఫీసరు చదువుతాడు, కంపెనీవాళ్లు చదువుతారు, పేపరువాళ్లు ఊరికి వస్తారు. జేసీబీల చప్పుడు పెద్దదయింది. జరిగిందంతా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క నిజం చెబితే మడుగు నిలుస్తుందేమో. సుజాత గడప మీద కూర్చుని, కుడిచెయ్యి అట్లే దూరంగా పెట్టుకుని, నా మొహంలోకి చూస్తోంది.

"గుంత అంచున సార్. తవ్వి పోసిన మట్టిలో" అన్నాను.

"విడి మట్టిలోనా? అయితే ఆ చేపదే అని ఏముందమ్మా? ఏ చేప పన్నయినా కావచ్చు. ఇట్లాంటిదానికి నేను సంతకం పెట్టలేను."

"తెలుసు సార్" అని ఫోన్ పెట్టేశాను.

ఆకును మడిచి సంచిలో పెట్టుకున్నాను. సుజాత గడప మీది నుంచి మెల్లగా లేచింది.

"పనికొచ్చినాదా అక్కా?"

"వచ్చింది."

ఆమె మొహం వెలిగింది. గుంత వైపు తిరిగి విన్నది. ఇంజిన్లు ఆగలేదు. మట్టి దొర్లి పడుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోంది.

"మరి వాళ్లు ఆపల్యా ఏంటికి?"

నా తాగునీళ్ల సీసాలో కాసిన్ని నీళ్లు మిగిలి ఉన్నాయి. మూత తీసి, చేతులు పట్టమన్నాను.